అవ్వ లారీ అడుగుగుడ్డ

మా మేనకోడలు రేవతికి ముప్పై దాటినా రిమోటు లారీల పిచ్చి వదల్లేదు. వాటిని బొమ్మలంటే కోపం కూడా. ధర్మవరంలో కాలేజీ పిల్లలకు ఫిజిక్సు చెబుతుంది. ఆదివారం వస్తే మాత్రం మూరెడు పొడవున్న ఆ లారీని సంచిలో పెట్టుకుని బస్సెక్కి పెనుకొండ వచ్చేస్తుంది. బడిపంతులు ఉద్యోగం అయిపోయాక నేను ఇక్కడే ఉండిపోయాను. నన్ను చూడటానికి వస్తున్నానని వాళ్ళమ్మతో చెబుతుందట గానీ, అది చూసేది నన్ను కాదు, కొండ కింది రాళ్ళ దారిని. మొన్నొక ఆదివారం, ముందు రోజు పడిన వానకు ఆ దారంతా గుంటలై ఉంటే, లారీని గుంటలో దించి ఎక్కించి, మళ్ళీ దించింది. మూడోసారికి అది మధ్యలో నిలబడిపోయింది. రేవతి చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగి, దాన్ని తెచ్చి నా ముందు తిరగేసింది. అడుగున బురద రాకుండా ఎక్కడినుంచో తెప్పించుకున్న ప్లాస్టిక్ రేకు బిగించింది. ఆ రేకుకూ లారీకీ మధ్య గ్లాసెడు ఎర్రనీళ్ళు నిలిచి ఉన్నాయి. మోటారు ఆ నీళ్ళలోనే మునిగి ఉంది.

"మామా, మీది పట్టల అంగడి గదా," అంది, నీళ్ళు వంచుతూ. "దీని అడుక్కి ఒక గుడ్డ కుట్టియ్యి. బురద లోపలికి రాగూడదు. వచ్చిన నీళ్లు లోపల నిలబడగూడదు. అంతే."

నాకు కుట్టు రాదన్నాను. అది అబద్ధం. అరవై దాటిన మనిషిని, దబ్బనం వదిలి యాభై ఏళ్ళు కావొస్తున్నా, ఆ పని చేతివేళ్ళు మరిచిపోయేది కాదు. రేవతి నమ్మినట్టే తలాడించి, బస్సుకు టైమవుతోందని వెళ్ళిపోయింది. ఆ గ్లాసెడు నీళ్ళు నేను ఇంతకు ముందొకసారి చూసినవే.

హిందూపురంలో మా ఇల్లూ అంగడీ ఒకటే. వీధివైపు అంగడి, దాని వెనక, వానకు కప్పే కాన్వాసు పట్టల చుట్టలు పేర్చిన చీకటి గది, ఆ తరువాత పైకప్పు లేని చిన్న ముంగిలి, ముంగిలి దాటితే నడిమిల్లు, చివర వంటిల్లు. రైలు పెట్టెల మాదిరి ఒకదాని వెనక ఒకటి. ముంగిట్లో ఒక మూల జాలాడి ఉండేది. అంట్లు తోమడం, స్నానాలు, గుడ్డలుతకడం అన్నీ అక్కడే కాబట్టి నేల ఎప్పుడూ తడిగానే ఉండేది. మిగిలిన జాగాలో అమ్మ పొద్దున్నే పేడనీళ్ళు చల్లేది. ఇంటికి మూడు వాసనలు. వెనకనుంచి పొయ్యి మీద ఉడికే సంగటి వాసన, మధ్యలో పేడ వాసన, ముందునుంచి కాన్వాసు గుడ్డకు పట్టించిన మైనం వాసన. బడిలో నా పక్కన కూర్చునేవాళ్ళు నా చొక్కా మైనం కంపు కొడుతుందనేవాళ్ళు. నాకు మాత్రం ఎప్పుడూ తెలిసేది కాదు.

నాయన పట్టలు అమ్మడమే కాదు, కుట్టేవాడు. లారీలకు, ఎద్దులబండ్లకు, చింతపండు రాశులకు, బెల్లం దిమ్మెలకు, ఎవరేది అడిగినా కొలత తీసుకుని కుట్టి ఇచ్చేవాడు. ఆయనకొక అలవాటు ఉండేది. కుట్టడం పూర్తయ్యాక ఆ పట్టను దేనిమీద కప్పాలో అట్లాగే కప్పి, చెంబుతో నీళ్ళు పోసేవాడు. జారిన నీళ్ళు అడుగు మడతల్లో ఎక్కడ చేరతాయో కూర్చుని చూసేవాడు. చేరినచోట సున్నం బొట్టు పెట్టి, అక్కడ రంధ్రం చేసి ఇత్తడి రింగు కొట్టేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇది వింతగా ఉండేది. నీళ్ళు రాకుండా పట్ట కావాలని వస్తే దానికి బెజ్జం పెడతావేమప్పా అనేవాళ్ళు. నాయన ఒకే మాట చెప్పేవాడు. "ఎంత కుట్టినా నీళ్లు యాడో ఒకచోట లోపలికి పోతాయప్పా. పోయినవి బయటికి రావల్ల గదా." సోమందేపల్లి రైతులు పట్టకు ఇంకొక రింగు ఎక్కువ కొట్టించుకుందామని బండి కట్టుకుని వచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. అంత పేరు ఆ రింగులకు.

నాయన తల్లి మా అవ్వ. మా అమ్మకు మేనత్త కూడా కాబట్టి ఇంట్లో అవ్వకు రెండువైపులా బలం. గల్లాపెట్టె పక్కన కూర్చుని, ఆకూ వక్కా నములుతూ, వచ్చిన ప్రతి మనిషినీ ఎవరి బిడ్డవు, ఏ ఊరని విచారించనిదే పట్టకు చెయ్యి వేయనిచ్చేది కాదు. జాలాడి దగ్గర జారిపడి తుంటి విరిగాక అదంతా పోయింది. నడిమింట్లో కిటికీ పక్కన మంచం వేశారు. అక్కడినుంచి ముంగిలి కనబడుతుంది గానీ అంగడి కనబడదు. అంగట్లో ఎవరొచ్చారో, నాయన ఏం మాట్లాడుతున్నాడో తెలియకపోవడం అవ్వకు తుంటి నొప్పికంటే పెద్ద బాధ. కేకేస్తే చీకటి గదిలోని పట్టల చుట్టలు ఆ కేకను మింగేసేవి. ఒక పూటంతా మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్నది కూడా నేను చూశాను.

అమ్మ తమ్ముడు ధర్మవరం నుంచి కువైటు పోయి, మూడేళ్ళకు తిరిగొస్తూ నాకొక రిమోటు లారీ తెచ్చాడు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు, బొమ్మలతో ఆడే వయసు దాటింది, అయినా ఆ పసుపు లారీని చూసి నిద్రపట్టలేదు. నా సంబరం మూడు రోజులే. నాలుగోరోజు అవ్వ ఆ రిమోటు ఒకసారి ఇటివ్వమంది. రెండు పుల్లల్లో ఏది ముందుకు, ఏది పక్కకు అని అడిగింది. ఒక గంటసేపు మంచం కోళ్ళకూ గోడకూ గుద్దించింది. సాయంత్రానికి లారీని, గడపల దగ్గర నా చేత ఎత్తించి, ముంగిలి దాటించి, చీకటి గదిలోంచి అంగట్లోకి పంపింది. దాని వెనక డబ్బాలో ఆకూ వక్కా అయిపోయిన ఖాళీ సంచి. నాయన గడప దగ్గర కొలతలు తీసుకుంటున్నవాడు కాస్తా ఆ లారీని చూసి నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. ఆ రాత్రే రెండు గడపలకూ ఏటవాలుగా చెక్కలు కొట్టాడు. రిమోటు మళ్ళీ నా చేతికి రాలేదు.

అట్లా అవ్వ మళ్ళీ అంగట్లోకి వచ్చింది. సంచి వస్తే ఆకూ వక్కా, గ్లాసు వస్తే మజ్జిగ, కళ్ళద్దాల డబ్బా వస్తే ఎవరైనా వచ్చి వీధిలో సంగతులు చెప్పాలి. మేమూ తిరుగు ప్రయాణంలో ఏదో ఒకటి పెట్టి పంపేవాళ్ళం. అంగడికి వచ్చినవాళ్ళకు అదొక వేడుక. ఒకరోజు అవ్వ నన్ను పిలిచి చెయ్యి పట్టుకుని చెప్పింది. "ఏమైనా పెట్టి పంపితే నిదానంగా రాండి. ఖాళీగా వచ్చిందంటే మాత్రం నేను పిల్చినట్ల. చేతిలో ఏ పనున్నా ఇడ్సి రావల్ల." నాయనతో కూడా ఆ మాటే చెప్పింది. అవ్వ ఒక్కసారి కూడా లారీని ఉత్తుత్తికే ఖాళీగా పంపలేదు.

తిరిగేది తడి ముంగిట్లో కాబట్టి నెల తిరక్కుండానే లారీ అడుగు పాడవడం మొదలైంది. పేడనీళ్ళు, సబ్బు నురుగు, బూడిద, జాలాడి బురద అన్నీ కలిసి ఇరుసులకు అంటుకునేవి. నేను రోజూ దాన్ని తిరగేసి పుల్లతో గీకి, కిరసనాయిలు గుడ్డతో తుడిచేవాణ్ణి. ఒకసారి సెల్లుల పెట్టెలోకి నీళ్ళు పోయి రెండు రోజులు కదల్లేదు. ఆ రెండు రోజులు అవ్వ సరిగా తినలేదు. అప్పుడు నాయన కుడుతున్న లారీ పట్ట పక్కన పెట్టి, ఈ లారీకి కొలత తీసుకున్నాడు. సన్నని కాన్వాసు గుడ్డ చిన్న తొట్టిలాగా కుట్టి, ఇరుసుల దగ్గర మడత పెట్టి, నాలుగు పక్కలా లేసులతో పైకి కట్టాడు. అవ్వా నేనూ చూస్తుండగా చెంబు తెచ్చి నీళ్ళు పోశాడు. సున్నం బొట్టు పెట్టి, నట్టనడుమ అన్నిటికంటే చిన్న రింగు కొట్టాడు. "నా మనవడికి కూడా ఇంత ముద్దుగా గోచీ కుట్టలేదు గదరా," అని అవ్వ వెక్కిరించింది. ఆరోజు నుంచి ఇంట్లో దానికి గోచీ అనే పేరు స్థిరపడింది.

గోచీ కట్టాక ఒక గాలివాన వచ్చిపోయింది. లారీ ముంగిట్లో నీళ్ళకు అడ్డంపడి, అడుగునుంచి కారుకుంటూ అంగట్లోకి చేరింది. నాయన దాన్ని తిరగేసి కూడా చూడలేదు. నేను చూశాను. ఆ రింగులోంచి కొంచెం పేడ పైకి వచ్చి మోటారు పక్కన ఎండి ఉంది. ఇంత పేరున్న నాయన పనిలో నాకొక తప్పు దొరికింది. దాన్ని ఎవరికైనా చూపించి ఉంటే బాగుండేది. పద్నాలుగేళ్ళ తెలివికి అది సరిపోలేదు. నేనే సరిచేసి, పెద్దవాన వచ్చి వెళ్ళాక గోచీ విప్పి, లోపల చుక్క తడి లేకపోవడం నాయనకు చూపించాలనుకున్నాను. ఆయన చెయ్యి నా భుజం మీద పడటం కూడా ముందే ఊహించుకున్నాను. నాయన భోజనానికి లేచినప్పుడు, రూపాయి బిళ్ళంత కాన్వాసు ముక్క కత్తిరించి, రింగు మీద పెట్టి చుట్టూ కుట్టి, పైన మైనం కరిగించి పోశాను. మంచి పని. నాయన నేర్పినట్టే కుట్టు పక్కన కుట్టు సమంగా పడింది.

వారం తిరగలేదు. అమ్మ మా చెల్లెలు పద్మను తీసుకుని పుట్టింట్లో నామకరణానికని ధర్మవరం వెళ్ళింది. రేవతి తల్లి పద్మకు అప్పుడు ఐదేళ్ళు. మధ్యాహ్నం మబ్బు పట్టి, ఆ ఏటి మొదటి పెద్దవాన ఒక్కసారిగా విరుచుకుపడింది. పట్టల అంగడికి అదే తిరునాళ్ళ. మార్కెట్లో చింతపండు తడుస్తోందని, బెల్లం కరిగిపోతోందని జనం తలమీద గోనెసంచులు వేసుకుని పరిగెత్తుకొచ్చారు. నాయన కత్తిరిస్తున్నాడు, నేను మడిచి ఇస్తున్నాను. రేకుల మీద వాన చప్పుడుకు పక్కమనిషి మాట వినబడటం లేదు. ఎంతసేపు గడిచిందో తెలియదు. జనం పలచబడ్డాక నాయన, అవ్వకు కిటికీలోంచి జల్లు కొడుతుందేమో చూసి రమ్మన్నాడు.

ముంగిట్లో అరికాళ్ళు మునిగేంత నీళ్ళు. లారీ వాటి మధ్యలో ఆగి ఉంది. గుంటలో చిక్కుకోలేదు, దేనికీ తగల్లేదు, ముక్కు అంగడి వైపే ఉంది. వెనక డబ్బాలో ఏమీ లేదు. నేను దాన్ని దాటుకుని లోపలికి పోయాను. అవ్వ కిటికీకి ఆనుకుని, ముంగిలివైపే చూస్తూ ఉంది. రిమోటు ఒడిలో ఉంది. బొటనవేలు ఇంకా ముందుకు పోయే పుల్ల మీదే ఉంది. చెయ్యి పట్టుకుని పిలిచాను. చల్లబడలేదు, కానీ పలకలేదు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. ముందే వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. బతికేదో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. కానీ పిలిచిన మనిషి దగ్గరికి ఎవరమూ పోలేదు. పది అడుగుల దూరంలో ఆగిపోయిన లారీని చూస్తూ, దాన్ని కదిలించాలని చూస్తూ ఆమె పోయింది. ఆ కిటికీలోంచి ఆమెకు చివరగా కనబడినది నా కుట్టు పని.

పదకొండోరోజు అయ్యాక నాయన చీకటి గదిలో ఒక్కడే కూర్చుని గోచీ విప్పుతుండగా చూశాను. లోపలి నీళ్ళు అప్పటికింకా ఎండలేదు. ఆయన దాన్ని తిరగేసి, ఆ రూపాయి బిళ్ళంత ముక్కమీద కుట్టు వెంబడి బొటనవేలితో తడిమాడు. హిందూపురంలో ఆ కుట్టు వేయగలిగినవాళ్ళం ఇద్దరమే. నేను తలుపు చాటున నిలబడి, పిలుస్తాడని ఎదురుచూశాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన నావైపు చూడలేదు, పిలవలేదు. ఆరోజే కాదు, ఆ తరువాత ముప్పై ఏళ్ళు బతికినా ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అన్నం తింటున్నప్పుడు, ఆయనతో రైల్లో పోతున్నప్పుడు, చివర్లో ఆసుపత్రిలో ఆయన కాళ్ళు పడుతున్నప్పుడు కూడా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అవ్వ పోయిన ఆ ఏడే నాయన కుట్టడం మానేశాడు. నీలిరంగు ప్లాస్టిక్ పట్టలు తెప్పించి గజాల లెక్కన అమ్మాడు. కాలం మారింది కాబట్టి అనుకున్నాను. నన్ను మాత్రం దబ్బనం పట్టనివ్వలేదు. "నువ్వు చదువుకో, ఈ పని నీకొద్దు," అన్నాడు. నాకు పని అప్పగించడానికి నమ్మకం లేక అన్నాడని నేను అర్థం చేసుకున్నాను. ఆ నొప్పితోనే చదివాను, పంతుల్నయ్యాను.

రేవతి ఆ గుడ్డ అడిగిన రెండు వారాలకు నేను బజారుకు పోయి మూరెడు కాన్వాసు, ఇత్తడి రింగులు, దబ్బనం కొన్నాను. ఇప్పుడు కాన్వాసు దొరకడమే గగనం. ఇంకోసారి కావాలంటే ఫోనులో చూసి తెప్పించుకోమని అంగడివాడే సలహా ఇచ్చాడు. కుట్టడం మొదలుపెడితే వేళ్ళు దారి తప్పలేదు. దాన్ని తీసుకుని ధర్మవరంలో పద్మ ఇంటికి పోయాను. రేవతి తన లారీకి తొడిగి చూసుకుంది. నేను చెంబుతో నీళ్ళు అడిగాను. నీళ్ళు పోసి, చేరినచోట సున్నం లేక పెన్నుతో గుర్తు పెడుతుంటే, కుట్టు రాదంటివి గదా మామా అని రేవతి నవ్వింది. పద్మ నవ్వలేదు. లోపలికి పోయి, అమ్మ చివరిదాకా తన దగ్గరే పెట్టుకున్న రేకు పెట్టె తెరిచి, పాత చీర చుట్టిన ఒక మూట తెచ్చి నా ముందు పెట్టింది.

మూటలో అవ్వ లారీ. పసుపు రంగు తెల్లబారింది. చక్రాల రబ్బరు పొడిపొడిగా రాలుతోంది. గోచీ మాత్రం గట్టిగా లేసులతో కట్టి ఉంది. తిరగేయడానికి నాకు చేతులు రాలేదు. పద్మే తిరగేసింది. నా ముక్క లేదు. మైనం మరక లేదు. నేను కుట్టిన కుట్టుకు ఆనవాలు దొరక్కుండా, అక్కడి గుడ్డను గుండ్రంగా కత్తిరించి తీసేసి, కొత్త గుడ్డ అతికి, దాని నడుమ ముందుదానికంటే పెద్ద రింగు ఉంది. నాయన కుట్టు. ఆయన కుట్టిన చివరి కుట్టు అదే అయి ఉండాలి.

"అవ్వ పోయినంక పెట్టినాడంట ఈ రింగు," అంది పద్మ. "ముందు కుట్టినప్పుడు మర్చిపోయినాడంట. అమ్మతో నాయనే చెప్పినాడు, తప్పు నాదే అని. నీ ముందర ఈ మాట ఎత్తొద్దని ఒట్టు కూడా పెట్టించుకున్నాడంట, వాడు ఆడుకున్న బండి, బాధపడతాడని. నాకు అమ్మ పోయే ముందర చెప్పింది."

అమ్మ ఏమందని అడిగాను.

"ఏమంటాది. ఊరందరి పట్టలకూ చెంబు నీళ్లు పోసి చూస్తివి, కన్నతల్లి బండికి చూడలేకపోతివా అనేదంట. అవ్వ తద్దినం వచ్చినప్పుడల్లా అదే మాట. నాయన తలొంచుకోని అన్నం తినేవాడంట."

మా ఇంట్లో అవ్వ తద్దినాలకు నేను లేనిది ఎప్పుడు? ప్రతిసారీ ఉన్నాను. వడ్డించేటప్పుడు అమ్మ ముఖం ఎందుకు అట్లా ఉండేదో, నాయన ఎందుకు రెండోసారి అడిగేవాడు కాదో చూస్తూనే ఉన్నాను. వాళ్ళిద్దరి మధ్య ఏదో చెడిందని, అది నాకు సంబంధం లేనిదని అనుకున్నాను. నన్ను నమ్మక దబ్బనం ఇవ్వలేదని యాభై ఏళ్ళు అలిగాను. ఆ దబ్బనం నా చేతిలో చూస్తే అమ్మకు ఏదైనా తోస్తుందని ఆయన భయపడి ఉంటాడు. ఇప్పుడు ఆలోచిస్తే అంతే అనిపిస్తుంది. మా కాలంలో తండ్రులు కొడుకులతో మాట్లాడేవాళ్ళు కాదని నా కథల్లో చాలా చోట్ల రాశాను. రేవతిని చూడండి, తాను బిగించిన రేకులో నీళ్ళు నిలిస్తే దాన్ని నా ముందే తిరగేసి, ఇంకొకటి కుట్టివ్వమని అడుగుతుంది. మాకు అంత సులభంగా రాలేదు. ఆయనకు రాలేదని ఇన్నాళ్ళూ రాసుకున్నాను గానీ, రానిది నాకు.

పద్మతో చెప్పాను. రింగు నాయన మొదటే కొట్టాడని, నేనూ అవ్వా చూశామని, దాన్ని మూసింది నేనని, ఎందుకు మూశానో కూడా చెప్పాను. రేవతి కుర్చీలోంచి లేచి నా పక్కకు వచ్చి కూర్చుంది. పద్మ ఆ లారీని ఒళ్ళో పెట్టుకుని, వేలితో రింగు అంచు తడిమింది.

"అమ్మ ఉన్నప్పుడు చెప్పింటే బాగుండు గదన్నా," అంది. "నాయనతో మంచిగా మాట్లాడేది."

నేను రేవతి లారీ గుడ్డ చేతిలోకి తీసుకుని, పెన్ను గుర్తు దగ్గర రింగు కోసం దబ్బనం గుచ్చాను.